శత్రువు చేతిని ముద్దుపెట్టుకొనిన తండ్రి

చదువవలసిన భాగములు: అపొస్తలుల కార్యములు 16:6–12, రోమా 12:9–21



త్రోయ అను పట్టణపు పేరు మనకు క్రొత్తది కాదు. అపొస్తలుడైన పౌలు ఎటు పోవలెనన్నను త్రోవ మూయబడి త్రోయకు వచ్చినప్పుడు, రాత్రివేళ మాసిదోనియ దేశస్థుడొకడు దర్శనములో నిలిచి సహాయమునకు రమ్మని అతని వేడుకొనెను. మరియొకసారి అదే త్రోయలో పౌలు అర్ధరాత్రి వరకు ప్రసంగించుచుండగా, ఐతుకు అను యౌవనస్థుడు నిద్రాభారముచేత కిటికీలోనుండి క్రిందపడెను. పౌలు తన అంగీని విడిచివచ్చినది కూడ ఆ త్రోయలోనే, కర్పు అనువాని యొద్దనే. ఆదివారపు బడి పిల్లలకు సహితము ఈ సంగతులు తెలియును.

అయితే ఆ రేవుపట్టణమునకు సుమారు ఒక దినపు నడక దూరములో మరియొక పాత పట్టణపు దిబ్బ యున్నదని మనలో కొందరికే తెలియును. ఆ ప్రాంతమంతటికి ఆ పాత పట్టణమును బట్టియే పేరు వచ్చినది. దానిని ట్రాయ్ అందురు. అది నేటి టర్కీ దేశములో హిసార్లిక్ అను దిబ్బ. జర్మనీ దేశస్థుడైన ష్లీమన్ 1870వ సంవత్సరములో అక్కడ త్రవ్వించుట మొదలుపెట్టెను. ఆయనయు, ఆయన తరువాతివారును త్రవ్వగా ఒకదానిమీద నొకటిగా తొమ్మిది పట్టణముల పొరలు బయటపడినవి.

ఈ ట్రాయ్ పట్టణపు యుద్ధమును గూర్చియే గ్రీకులు తమ మహాకావ్యమైన ఇలియడ్‌ను పాడుకొనిరి. పౌలు దినములలో గ్రీకు మాటలాడు దేశములందు బడికి పోయిన ప్రతి పిల్లవాడును హోమరు పద్యములతోనే చదువు నేర్చుకొనెడివాడు. ఫిలిప్పీలోను, కొరింథులోను, ఏథెన్సులోను సువార్త వినినవారి చెవులలో ఆ వీరుల కథలు చిన్ననాటినుండి మారుమ్రోగుచుండెను. మనిషి అనగా ఎట్టివాడు, గొప్పతనమనగా ఏమి, అవమానము జరిగినప్పుడు ఏమి చేయవలెను అను ప్రశ్నలకు వారు ఆ కథలనుండియే జవాబు తెచ్చుకొనిరి. మనము చదువు పత్రికలు ఎట్టివారికి వ్రాయబడినవో తెలిసికొనగోరినయెడల, ఆ కావ్యము వారికి ఏమి నేర్పెనో కొంతయైనను తెలిసికొనుట మంచిది. పౌలు సహితము ఏథెన్సులో మాటలాడునప్పుడు, వారి కవులలో ఒకడైన అరాటు పలికిన మాటను ఎత్తి చెప్పెను గదా!

కావ్యము ఎట్టిది?

ఇలియడ్ క్రీస్తునకు పూర్వము ఎనిమిదవ శతాబ్దమున లేక దానికి దగ్గరి కాలమున రూపము పొందినదని పండితులు తలంచుచున్నారు. అందులో 24 సర్గలు, 15,000లకు పైగా పంక్తులు ఉన్నవి. హోమరు అను పేరుగల కవి ఒక్కడేనా, అనేకులా అను చర్చ నేటికిని తెగలేదు. ఒక్క సంగతి మాత్రము స్పష్టము. ఇది మొదట కాగితము మీద పుట్టినది కాదు. పాడువారి నోటిలో పుట్టినది. అమెరికా దేశస్థుడైన మిల్మన్ పేరీ 1933 మొదలు 1935 వరకు యుగోస్లావియాలో చదువురాని గాయకుల పాటలను వ్రాసికొని, రికార్డులలో పట్టుకొని, వేలకొలది పంక్తులను మనుష్యులు ఎట్లు కూర్చుకొని పాడగలరో చూపెను. మన ఊళ్లలో రాత్రి తెల్లవార్లు బుర్రకథ వినినవారికి ఇది వింతగా తోచదు. ఒకే మాటల కట్ట మరల మరల వచ్చును. కథకుడు దానిని ఊతగా పట్టుకొని ముందుకు సాగును.

ట్రాయ్ యుద్ధము పది సంవత్సరములు జరిగినదని కథ. అయితే ఇలియడ్ ఆ పది సంవత్సరములను చెప్పదు. పదియవ సంవత్సరములో కొన్ని వారముల సంగతిని మాత్రమే చెప్పును. కొయ్యగుఱ్ఱపు కథ ఇందులో లేదు. పట్టణము కూలిన సంగతియు లేదు. మరి ఏమున్నది? గ్రీకు భాషలో ఈ కావ్యపు మొదటి మాటయే "కోపము". ఒక మనిషి కోపము ఎట్లు పుట్టెను, ఎవరిని కాల్చెను, ఎట్లు చల్లారెను అనునదే ఈ కావ్యమంతయు.

ఒక మాటతో లేచిన మంట

గ్రీకుల సేనాధిపతియైన అగమెమ్నోను ఒక పూజారి కుమార్తెను చెరపట్టి తన దానినిగా ఉంచుకొనెను. తండ్రి విమోచన క్రయధనము తెచ్చి బ్రతిమాలుకొనగా అతని కసరి పంపివేసెను. అంతట దండులో తెగులు పుట్టి జనులు చచ్చుచుండిరి. అకిలీసు అను వీరుడు సభ కూర్చి కారణము అడిగించగా, ఆ చిన్నదానిని తిరిగి పంపవలెనని తేలెను. అగమెమ్నోను ఒప్పుకొనెను గాని, "నేనొక్కడనే వట్టిచేతులతో ఉందునా?" అనుకొని, అందరి యెదుట అకిలీసు పాలికి వచ్చిన బ్రిసేయిసు అను స్త్రీని తీసికొనిపోయెను.

అకిలీసు కత్తి దూయబోయి ఆగెను. కత్తి ఆగెను గాని కోపము ఆగలేదు. ఇకమీదట యుద్ధము చేయననియు, నన్ను అవమానపరచిన వీరు నేను లేక ఎట్లు చత్తురో చూచెదననియు తన గుడారములో కూర్చుండెను. తన తల్లి ద్వారా జ్యూసు దేవతను కూడ ఆ కోరికయే కోరెను. (లుస్త్ర వారు బర్నబాకు పెట్టిన పేరు ఈ జ్యూసుదే; మన తెలుగు బైబిలులో ద్యుపతి అని యున్నది.)

ఇక్కడ మనము నిదానించి చూడవలెను. అకిలీసు పోగొట్టుకొనినదేమి? తిండి కాదు, బలము కాదు, ప్రాణము కాదు. పదిమందిలో పరువు. గ్రీకు భాషలో దీనికి తిమే అని పేరు. ఆ మాటకు ఘనత అనియు, వెల అనియు రెండర్థములున్నవి. ఈ రెండర్థములు ఒక్క మాటలో ఇమిడియుండుట కాకతాళీయము కాదు. ఆ వీరుల లోకములో మనిషి ఘనత అతని హృదయములో దాగియుండునది కాదు. అతనికి పంచిపెట్టబడిన దోపుడుసొమ్ములోను, విందులో అతనికి వడ్డింపబడిన మాంసపు భాగములోను, సభలో అతనికిచ్చిన పీటలోను కంటికి కనబడునది. దానిని తీసివేసినయెడల, "నీ వెల ఇంతే" అని అందరి యెదుట చాటినట్టే. కీర్తికి వారు వాడిన మాటయు వినుట అను మాటనుండి పుట్టినది. ఇతరులు మనలను గూర్చి వినునదే కీర్తి. కాబట్టి ఇతరుల కన్నులలో, ఇతరుల చెవులలో తప్ప వారికి బ్రతుకు లేదు.

ఆ లోకపు మంచి, ఆ లోకపు చెడు

ఈ లెక్కలో మంచి లేదని చెప్పుట న్యాయము కాదు. పండ్రెండవ సర్గలో సర్పేదోను అను రాజు తన స్నేహితునితో చెప్పిన మాటల భావమిది: మన దేశములో జనులు మనకు ముందు పీట, మంచి మాంసము, నిండు గిన్నె, మంచి భూములు ఇచ్చుచున్నారు, కాబట్టి యుద్ధములో మనమే ముందు వరుసలో నిలువవలెను, ఎట్లును చావు తప్పదు గనుక పోదము రమ్ము. బంతిలో ముందు కూర్చుండువాడు ఆపదలోను ముందు నిలువవలెనను ఈ నియమమును నేటి పెద్దలు ఎందరు పాటించుచున్నారు?

అయితే ఆ పీట అందరికిని కాదు. రెండవ సర్గలో తెర్సీతు అను సామాన్యుడు సభలో లేచి, అగమెమ్నోను దోపుడంతయు తానే మింగుచున్నాడనియు, అకిలీసునకు అన్యాయము చేసెననియు పలికెను. కోపములో అకిలీసు తానే ఇంచుమించు ఇదే చెప్పియుండెను. అకిలీసు చెప్పినప్పుడు అది వీరుని మాట. తెర్సీతు చెప్పినప్పుడు అది పొగరు. ఒడిస్సియసు రాజదండముతో వాని వీపుమీద కొట్టగా వాడు కన్నీరు తుడుచుకొనెను, సైన్యమంతయు నవ్వెను. నిజము ఎంత నిజమైనను, పలికినవాడు పేదవాడైతే దానికి విలువ లేకపోయెను.

స్త్రీల మాట చెప్పనక్కరలేదు. బ్రిసేయిసు ఎవరిది అని ఇద్దరు వీరులు పోట్లాడిరి గాని ఆమె మనస్సు ఎవరును అడుగలేదు. ఆమె భర్తను చంపినది అకిలీసే. ఆమె ముగ్గురు అన్నదమ్ములును ఆ దినముననే చచ్చిరి. పందొమ్మిదవ సర్గవరకు ఆమె నోరు విప్పదు. అక్కడ అకిలీసు స్నేహితుడైన పత్రోక్లు శవముమీద పడి, నీవు నాయెడల ఎల్లప్పుడును మెత్తని మనస్సు గలవాడవు అని ఏడ్చును. ఆమెతోకూడ చెరపట్టబడిన స్త్రీలందరును ఏడ్చిరి. పైకి పత్రోక్లు కొరకే గాని లోపల ఎవరి దుఃఖము కొరకు వారు ఏడ్చిరని కవి చెప్పుచున్నాడు. ఆ ఒక్క మాటలో కవి హృదయము కనబడుచున్నది. తన జనులు దోపుడుసొమ్ముగా లెక్కించినవారిలో అతడు మనుష్యులను చూచెను.

చనిపోయిన సైనికుల విషయములోను అట్లే. నాలుగవ సర్గలో సిమోయిసియు అను పెండ్లికాని పడుచువాడు, ట్రాయ్ పక్షపువాడు, గ్రీకు వీరుని ఈటెకు పడును. కవి వానిని ఊరక పడనియ్యడు. వీని తల్లి తన తలిదండ్రులతో గొఱ్ఱెల మందలు చూడబోయి కొండ దిగి వచ్చుచు, సిమోయి అను ఏటి గట్టున వీనిని కనెను గనుక వీనికి ఆ పేరు వచ్చినదనియు, తన్ను పెంచిన తలిదండ్రుల ఋణము తీర్చకయే వీడు పోయెననియు చెప్పును. శత్రువునకును ఒక పేరున్నది, వానికిని ఒక తల్లి యున్నది అని గ్రీకులకు గ్రీకు కవియే జ్ఞాపకము చేసెను.

పరువు చెల్లించిన వెల

గ్రీకులు ఓడిపోవుచుండగా అగమెమ్నోనునకు బుద్ధి వచ్చెను. తొమ్మిదవ సర్గలో అతడు అకిలీసు యొద్దకు పెద్దలను పంపి, పది తలాంతుల బంగారము, ఇరువది కొప్పెరలు, పండ్రెండు గుఱ్ఱములు, ఏడు పట్టణములు మొదలైనవాటితోకూడ బ్రిసేయిసును తిరిగి యిచ్చెదననెను. అయితే తాను వచ్చి తలవంచలేదు. అకిలీసు ఒప్పుకొనలేదు. పిరికివానికిని శూరునికిని ఒకటే చావనియు, పశువులను గొఱ్ఱెలను మరల సంపాదించుకొనవచ్చును గాని ఒకసారి పోయిన ప్రాణము తిరిగి రాదనియు అతడు జవాబు చెప్పెను. ఎంత నిజమైన మాట! పరువునకై ప్రాణమిచ్చు వీరులలో మొదటివాడే ఆ పరువు ప్రాణమునకు సాటిరాదని కనుగొనెను. అయినను కోపము విడువలేదు. ఇచ్చువాడు బహుమానములు పంపెను గాని మనస్సు పంపలేదు. పుచ్చుకొనువాడు నిజము తెలిసికొనెను గాని దాని ప్రకారము నడువలేదు.

దాని ఫలమేమి? దండు నాశనమగుట చూడలేక పత్రోక్లు, అకిలీసు కవచము తాను తొడుగుకొని యుద్ధమునకు పోయెను. ట్రాయ్ రాజు కుమారుడైన హెక్టరు చేతిలో చచ్చెను. తన ప్రాణముకంటె ఎక్కువగా ప్రేమించిన స్నేహితుడు చచ్చెనను వార్త వచ్చినప్పుడు అకిలీసు దుమ్ము తలపై పోసికొనెను. అప్పుడతడు తల్లితో కోపమును గూర్చి ఒక మాట చెప్పుచున్నాడు. అది మనిషి రొమ్ములో పొగవలె లేచుననియు, కారు తేనెకంటె తియ్యగా ఉండుననియు, అది దేవతలలోనుండియు మనుష్యులలోనుండియు నశించిన బాగుండుననియు దాని భావము. కోపము తియ్యగా ఉండును! పగ పట్టినవారెవరికైనను ఈ రహస్యము తెలియును. రాత్రి పడుకొని అవతలివాడన్న మాటను మరల మరల తలంచుకొనుటలో ఒక రుచి యున్నది. అందుచేతనే మనము దానిని విడువము.

హెక్టరు కూడ పరువునకే బలియైనవాడు. ఆరవ సర్గలో అతని భార్యయైన అంద్రోమకే బిడ్డను వెంటబెట్టుకొని వచ్చి, యుద్ధమునకు పోవద్దని ప్రాధేయపడెను. ఆమె తండ్రిని, ఏడుగురు అన్నదమ్ములను అకిలీసే చంపెను. నాకు తండ్రివైనను తల్లివైనను అన్నవైనను నీవే అని ఆమె ఏడ్చెను. హెక్టరు మనస్సు కరగెను గాని, పట్టణపు స్త్రీ పురుషుల యెదుట సిగ్గుపడవలసి వచ్చునని చెప్పెను. బిడ్డను ఎత్తుకొనబోగా, శిరస్త్రాణము మీద ఊగుచున్న కుచ్చును చూచి బిడ్డ జడిసి ఏడ్చెను. తలిదండ్రులు నవ్విరి. హెక్టరు శిరస్త్రాణమును తీసి నేలపై పెట్టి బిడ్డను ముద్దుపెట్టుకొనెను. ఆ శిరస్త్రాణమే అతని ఘనత. దాని వెనుక తండ్రి ముఖమున్నదని బిడ్డ కనుగొనలేకపోయెను. ఇండ్లలో మన బిడ్డలు చూచునది మన ముఖమునా, మన శిరస్త్రాణమునా?

చివరకు అకిలీసు హెక్టరును చంపెను. చచ్చుచు హెక్టరు, నా శవమును నా వారికిమ్మని వేడుకొనెను. అకిలీసు ఇయ్యనని, కాళ్లకు వారు కట్టి రథము వెనుక ఈడ్చుకొనిపోయెను. దినదినము తెల్లవారగానే పత్రోక్లు సమాధి చుట్టు ఆ శవమును ఈడ్చుచుండెను. పగ తీరవలసినంత తీరెను. అయినను అతనికి నిద్ర లేదు, ఆకలి లేదు. శత్రువు చచ్చినను కోపము చావలేదు.

ముసలి రాజు బయలుదేరుట

ఇప్పుడు కావ్యపు చివరి సర్గకు వచ్చితిమి. హెక్టరు తండ్రియైన ప్రియాము ట్రాయ్‌కు రాజు. అతనికి ఏబదిమంది కుమారులు. వారిలో అనేకులను ఈ యుద్ధము మింగెను. దుఃఖముచేత అతడు పేడకుప్పలో పొర్లి తన తలమీద దానిని పూసికొని కూర్చుండెను. అట్టివాడు లేచి, బండిలో వస్త్రములు, పది తలాంతుల బంగారము, పాత్రలు వేయించుకొని, శత్రువుల దండుకు పోయెదననెను. భార్య వద్దని ఏడ్చెను. అతడు వినలేదు. ఒక్క ముసలి సేవకుడు వెంటరాగా చీకటిలో బయలుదేరెను.

అతడు అకిలీసు గుడారములో ప్రవేశించి, ఎవరును చూడకముందే దగ్గరకు పోయి, మోకాళ్లు పట్టుకొని, తన కుమారులను అనేకులను చంపిన ఆ చేతులను ముద్దుపెట్టుకొనెను. "నీ తండ్రిని జ్ఞాపకము చేసికొనుము, అతడును నావలెనే ముసలివాడు" అను భావముతో మాటలాడెను. నీ తండ్రికి కుమారుడు తిరిగి వచ్చునను ఆశయైనను ఉన్నది, నాకు అదియు లేదు. లోకములో ఏ మనుష్యుడును చేయని పనిని నేను చేసితిని, నా బిడ్డను చంపిన చేతిని నా నోటికి తాకించుకొంటిని అని చెప్పెను.

అకిలీసు ముసలివాని చేయి పట్టి మెల్లగా ప్రక్కకు జరిపెను. తరువాత ఇద్దరును ఏడ్చిరి. ఒకడు హెక్టరు కొరకు, మరియొకడు తన తండ్రి కొరకును, నడుమ నడుమ పత్రోక్లు కొరకును. ఒక్క కప్పు క్రింద ఇద్దరి ఏడ్పును కలిసెను. పిమ్మట అకిలీసు ముసలివానిని లేపి కూర్చుండబెట్టెను. శవమును కడిగించి, వస్త్రము కప్పించి, తన చేతులతో ఎత్తి పాడెమీద పెట్టెను. గొఱ్ఱెను కోయించి ఇద్దరును కలిసి భోజనము చేసిరి. తిన్న తరువాత ఒకని ముఖము ఒకడు చూచి ఆశ్చర్యపడిరని కవి చెప్పుచున్నాడు. హెక్టరును పాతిపెట్టుటకు ఎన్ని దినములు కావలెనని అకిలీసు అడిగి, అన్ని దినములు యుద్ధము ఆపెదనని మాట యిచ్చెను. హెక్టరు సమాధితో కావ్యము ముగియుచున్నది.

ఇందులో వట్టి కన్నీళ్లే ఉన్నవని అనుకొనరాదు. మాటల నడుమ ప్రియాము తొందరపడగా అకిలీసునకు మరల కోపము లేచును. నన్ను రెచ్చగొట్టవద్దని హెచ్చరించును. క్రయధనమును పుచ్చుకొనును. పండ్రెండవ దినమున మరల యుద్ధము. బ్రిసేయిసు ఇంకను ఆ గుడారములోనే యున్నది. ఆ రాత్రి లోకమంతయు మారిపోయెనని కవి అబద్ధము చెప్పడు. ఒక్క రాత్రి ఇద్దరు మనుష్యులు ఒకరినొకరు మనుష్యులుగా చూచిరి, అంతే.

అయినను ఆలోచించుడి. వీరులను పొగడుటకు పుట్టిన ఈ కావ్యములో అన్నిటికంటె ధైర్యమైన కార్యము ఏది? నా మట్టుకు నాకు తోచినది ఇది: ఈటె లేక, డాలు లేక, ముసలివాడొకడు చీకటిలో శత్రువు గుడారమునకు పోయి వంగుటయే. గుడారములో అకిలీసు చేయలేనిది, బహుమానములు పంపిన అగమెమ్నోను చేయలేనిది ప్రియాము చేసెను. అతని పరువు పోయెనా? రెండువేల ఏడువందల సంవత్సరములనుండి ఇలియడ్ చదువువారిలో ఎవరును ఆ ముసలివానిని చూచి నవ్వలేదు.

చచ్చినవాని మాట

హోమరు పేరనే ఉన్న రెండవ కావ్యము ఒడిస్సీ. దాని పదునొకండవ సర్గలో ఒడిస్సియసు మృతుల లోకమునకు పోయి అకిలీసును చూచి, బ్రతికియున్నప్పుడును నీవు ఘనుడవు, ఇక్కడను నీవే రాజువు అని పొగడెను. అకిలీసు ఒప్పుకొనలేదు. చచ్చినవారందరిమీద రాజుగా ఉండుటకంటె, భూమిమీద తనకే సరిగా గడవని పేదరైతు క్రింద కూలివాడుగా ఉండుట మేలనెను. మృతుల లోకమును గూర్చి హోమరు చెప్పినది మన విశ్వాసము కాదు. కాని కీర్తికొరకు ప్రాణమిచ్చినవాని నోటనే, కూలివాని బ్రతుకు కీర్తికంటె మేలని పలికించుట చిన్న సంగతియా? పొలములో వంగి పనిచేయు మన సహోదరులు, సహోదరీలు ఈ మాట వినవలెను.

అదే కావ్యములో ఒడిస్సియసు బిచ్చగాని వేషముతో తన దీవికి వచ్చినప్పుడు అతనిని మొదట చేర్చుకొన్నది రాజులు కారు, పందులు కాయు సేవకుడైన యూమేయు. పరదేశులును బిచ్చగాండ్రును జ్యూసు యొద్దనుండి వచ్చువారని చెప్పి, తన చలికాలపు దుప్పటి అతనికి కప్పెను. గ్రీకు భాషలో పరదేశికిని అతిథికిని ఒకటే మాట. హెబ్రీ పత్రిక 13వ అధ్యాయములో ఆతిథ్యమును మరువవద్దని చెప్పినచోట ఉన్న గ్రీకు మాటయు పరదేశిని ప్రేమించుట అను అర్థము గలదే. గ్రీకుల కావ్యము మెచ్చుకొన్న ఈ గుణమును సంఘము త్రోసివేయలేదు. తన యింటిలోనికి తెచ్చుకొనెను.

మన సంగతి ఏమి?

గ్రీకులలోనే కొందరు హోమరును తప్పుపట్టిరి. అతని దేవతలు దొంగిలింతురు, వ్యభిచరింతురు, మోసగింతురని క్రీస్తునకు పూర్వము ఆరవ శతాబ్దమువాడైన జెనోఫనీసు నిందించెను. బిడ్డలకు ఈ కథలు నేర్పరాదని ప్లేటో వాదించెను. కాబట్టి ఆ కావ్యములోనిదంతయు మనము తలకెత్తుకొననక్కరలేదు. అయితే, "వారు అన్యులు, మనము వాక్యము తెలిసినవారము" అని చెప్పి పుస్తకము మూసివేయుటయు న్యాయము కాదు.

నేనెరిగిన ఒక గ్రామములో ఇద్దరు అన్నదమ్ములుండిరి. ఇద్దరును ఒకే దేవాలయములో ఆరాధించువారే. ఇంటిలో జరిగిన పెండ్లి విందులో అన్నను మొదటి బంతికి పిలువలేదు. అంతే కారణము. పదునొకండు సంవత్సరములు వారు మాటలాడుకొనలేదు. గుడిలో ఒకడు కుడిప్రక్క కూర్చుండిన, మరియొకడు ఎడమప్రక్క కూర్చుండెడివాడు. ఒకే పాట పాడిరి, ఒకే ప్రార్థనకు ఆమేన్ అనిరి. అన్న చనిపోయిన దినమున తమ్ముడు పరుగెత్తి వచ్చి ఆ కాళ్లు పట్టుకొని, "అన్నా, నాతో ఒక్క మాట అనరాదా" అని ఏడ్చెను. ఆ కాళ్లు ముందు దినమున పట్టుకొనియుండినయెడల జవాబు వచ్చియుండును. నేనక్కడ నిలువబడి చూచితిని. ఏ ఓదార్పు మాటయు నాకు రాలేదు.

విస్తరి ముందు వేసిరా వెనుక వేసిరా, కుర్చీ వేసిరా బల్ల వేసిరా, పేరు ముందు చదివిరా తరువాత చదివిరా అని మనము లెక్కించుకొనునంతకాలము, మనము చదువునది పౌలు పత్రికయే గాని బ్రతుకునది అకిలీసు గుడారములో. రోమీయులకు వ్రాసిన పత్రిక 12వ అధ్యాయము పదియవ వచనము తీసి చూడుడి. ఘనత అను మాట అక్కడ ఉన్నది. గ్రీకులో అది అకిలీసు పోగొట్టుకొన్న ఆ తిమే అను మాటయే. వీరులు ఆ ఘనతను పుచ్చుకొనుటలో పోటీపడిరి. అపొస్తలుడు దానిని ఇచ్చుటలో పోటీపడుమనుచున్నాడు. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 6వ అధ్యాయము చివరను అదే మాట వెల అను అర్థముతో వచ్చును. మనము వెలపెట్టి కొనబడినవారము. మన వెల ఎంతయో సిలువయొద్ద ఒకసారి నిర్ణయింపబడియుండగా, విందులో వడ్డించువాడు దానిని తగ్గించగలడా?

ఇది చెప్పుట సులభము, చేయుట కష్టము. తప్పు అవతలివానిదే అయినప్పుడు మరింత కష్టము. ప్రియాము తప్పేమియు చేయలేదు. చచ్చినవాడు అతని బిడ్డ. అయినను ముందు బయలుదేరినవాడు అతడే. న్యాయము ఎవరి పక్షమున ఉన్నదో తేల్చుకొని పోవలెననుకొనినయెడల ఆ బండి కదలియే యుండదు. తండ్రి ప్రేమ అతనిని కదలించెను. ఆ ముసలి రాజునకు తెలియని తండ్రి ప్రేమ మనకు తెలియును. మనము శత్రువులమై యుండగానే, మనము రాకమునుపే, ఆయన ముందు బయలుదేరి వచ్చెనని మనము ఒప్పుకొనుచున్నాము గదా!

ఈ పత్రిక మీ చేతికి వచ్చిన దినమున, మీరు మాటలాడని ఒక ముఖము మీ కన్నులకు కనబడవచ్చును. ఆ యిల్లు మీ వీధిలోనే యుండవచ్చును. ప్రియాము నడిచినంత దూరము మనకు లేదు. దారిలో ఈటెలు పట్టుకొన్నవారును లేరు. ప్రొద్దు గుంకకమునుపే లేచి ఆ గడప తొక్కుదము.